తెర మీద వేసిన జడ

కాగడాల మీద గుగ్గిలం పొడి చల్లగానే మంట ఒక్కసారి భగ్గున లేస్తుంది. ఇద్దరు మనుషులు చెరొక కొసా పట్టుకొని నిలబడిన తెర ఆ వెలుగులో కనబడుతుంది. తెర వెనుక ఎవరో వచ్చి నిలిచిన సంగతి గజ్జెల చప్పుడు వల్ల తెలుస్తుందే గాని ముఖం కానరాదు. మృదంగం ఒక ముక్తాయింపు ఇచ్చి ఆగుతుంది. అప్పుడు తెర పైఅంచు మీదుగా బారెడు పొడవు జడ ఒకటి ఇవతలికి వచ్చి పడి, ప్రేక్షకుల ఎదుట వేలాడుతుంది. మొదలు నుండి కొస దాకా మెరిసే బిళ్ళలు, చివర కుప్పెలు. కూచిపూడి భాగవతుల భామాకలాపంలో సత్యభామ ప్రవేశం ఇది. సత్యభామ ఇంకా రాలేదు. ముందుగా ఆమె జడ వచ్చింది.

చూడవచ్చిన పల్లె జనానికి అది కన్నుల పండువు. సభలో కూర్చున్న పండితునికి మాత్రం అది సవాలు. నాట్యశాస్త్రంలోగాని, సంగీత సాహిత్యాలలోగాని తనను ఓడించగలవారుంటే ముందుకు రావచ్చునని, ఓడిన పక్షంలో ఈ జడ కోసి ఇస్తానని ఆ వేషధారి నోరు విప్పకుండానే చెప్పినట్లు లెక్క. ఈ సంగతిని చెప్పేవారు ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున చెబుతారు గాని, జడ పందెమన్న ముఖ్య విషయం మారదు. మల్లుడు తొడ చరిచినట్లు, పండితుడు జయపత్రం చూపినట్లు నటుడు జడ వేస్తాడు. 'నటుడు' అన్నది అచ్చుతప్పు కాదు. ఆ సత్యభామ పురుషుడు. ఆ జడ సవరం. పందెం ఒడ్డినవాని సొంత వెంట్రుక ఒక్కటైనా అందులో ఉండనక్కరలేదు. అయినా ఆ జడ తెగితే మేళం పరువు తెగినట్లే.

పందెం ఒడ్డడానికి సత్యభామ ఒంటి మీద వస్తువులకు లోటేమీ లేదు. మెడలో హారాలున్నాయి, చేతికి కంకణాలున్నాయి. నాట్యానికి గుర్తు కావలసివస్తే కాలి గజ్జె ఉండనే ఉన్నది. మరి జడే ఎందుకు? దీనికి సమాధానం శాస్త్ర గ్రంథాలలో వెతకనక్కరలేదు, తెలుగువారి నిత్యవ్యవహారంలోనే ఉన్నది. ఒకరికి పూర్తిగా లొంగిపోయినవాడు 'జుట్టు చేతికిచ్చాడు' అంటారు. ఎదుటివాని గుట్టు తెలిసినవాడు 'వాడి పిలక నా చేతిలో ఉన్నది' అంటాడు. ఇంటి పోరు ముదిరితే 'సిగపట్లు'. మనిషి దేహంలో మరొకరు ఇంత సులువుగా పట్టుకోగలిగిన భాగం వేరొకటి లేదు. కోస్తే నెత్తురు రాదు, నొప్పి తెలియదు, కొన్నాళ్ళకు మళ్ళీ పెరుగుతుంది కూడా. దెబ్బ కాని ఈ దెబ్బకే మనిషి తల ఎత్తుకోలేకపోతాడు. జుట్టు మీద ఎవరి చెయ్యి ఉన్నదో వారిది పైచెయ్యి అన్న భావం మాటల అడుగున పాతుకొని ఉన్నది.

తెలుగు నుండి ఇంగ్లీషులోకి అనువాదం చేయబోయిన ప్రతివారూ ఈ దారిలో ఒకచోట తట్టుకొని ఆగుతారు. జడ, కొప్పు, సిగ, ముడి, కురులు, ముంగురులు, పిలక, జట. వీటిలో ఏ మాట వాడినా ఆ మనిషి ఆడో మగో, పడుచో ముదుసలో, సంసారో సన్న్యాసో సగం తెలిసిపోతుంది. ఇంగ్లీషు 'హెయిర్' అంత సమాచారం ఇవ్వదు. 'పాయ' అన్న చిన్న మాట మరీ చిక్కు పెడుతుంది. జడకూ పాయలే, గోదావరికీ పాయలే. సంస్కృతంలో 'వేణి' కూడా అంతే: జడ అన్నా అదే, ప్రవాహమన్నా అదే. ప్రయాగలోని త్రివేణిలో మూడవ నది కంటికి కనబడదంటారు. మూడు పాయలుగా జడ అల్లే తల్లి చేతులను గమనిస్తే అక్కడా ఏదో ఒక పాయ తక్కిన రెండింటి చాటున దాగుతూనే ఉంటుంది.

మన కావ్యాలలో జడ మొదటినుంచీ ఏదో ఒక మాటకు కుదువ పెట్టిన వస్తువుగానే కనబడుతుంది. సుందరకాండలో హనుమంతుడు అశోకవనంలో చూసిన సీత 'ఏకవేణి'. పాపిట తీసి, నూనె రాసి, పాయలు తీర్చి అల్లిన జడ కాదది. భర్త ఎడబాటులో దువ్వెన తగలక ఒకే పాయగా బిగుసుకొని వీపున పడి ఉన్న జడ. ఆశ అడుగంటిన ఘడియలో ఆమె ఆ జడనే ఉరిత్రాడుగా చేసుకొని ప్రాణం విడుద్దామని తలపోస్తుంది. కొద్దిసేపటికే హనుమంతుడు కనబడడం, ఉంగరం చూపడం, ఆనవాలు కోరడం, ఆమె కొంగుముడి విప్పి చూడామణి ఇవ్వడం జరిగిపోతాయి. రాముని గుర్తుగా వచ్చినది వేలి ఉంగరం. సీత గుర్తుగా వెళ్ళినది సిగలో పెట్టుకొనే మణి. ఎన్నో అనువాదాలలో అది వట్టి 'నగ'గా మారిపోయింది. నగ అయితే ఏదైనా ఒకటే. తల నుండి తీసిన మణి పంపడంలో, తాను ఎవరి చేతిలోనూ జుట్టు పెట్టలేదన్న కబురు కూడా ఉన్నది.

కాళిదాసు మేఘసందేశంలోని యక్షుడు ఇదే నియమాన్ని రెండవ వైపు నుండి చెబుతాడు. అలకాపురిలో తన భార్య విడిపోయిన నాడు వేసుకొన్న ఒంటి జడతోనే ఉంటుందని, అది గరుకుబారి చెంప మీద పడుతూంటే పెరిగిన గోళ్ళున్న చేత్తో మాటిమాటికీ తోసుకొంటూంటుందని, శాపం తీరిన నాడు దానిని తానే విప్పవలసి ఉన్నదని మేఘునితో అంటాడు. ఆయన ఊహకు ఆ ఒక్క జడ చాలు. ఇల్లు, తోట, భార్య అన్నీ దాని చుట్టూ అల్లుకొన్నాయి.

సీత జడ కట్టుబడినదైతే ద్రౌపది జుట్టు విడివడినది. రాజసూయం ముగింపున అవభృథ స్నానంలో మంత్రజలంతో తడిసిన జుట్టది. దానినే పట్టుకొని దుశ్శాసనుడు ఆమెను సభకు ఈడ్చుకువచ్చాడు. పదమూడేళ్ళ తరువాత కృష్ణుడు సంధికి బయలుదేరుతున్నప్పుడు ఆమె ఆ జుట్టును ఎడమచేత్తో పట్టుకొని ఆయన ఎదుటికి వచ్చి, సంధి మాట్లాడేటప్పుడు దీనిని జ్ఞాపకం పెట్టుకొమ్మంటుంది. తిక్కన ఉద్యోగపర్వంలో ఈ ఘట్టం చదివిన తెలుగువారికి వేరే వివరణ అక్కరలేదు. పగ తీరేదాకా జుట్టు ముడవనన్న ప్రతిజ్ఞ వ్యాసభారతంలో విస్పష్టంగా లేదు. దానికి ప్రచారం తెచ్చినది భట్టనారాయణుని 'వేణీసంహారం' నాటకం. పేరు చూసి జడను సంహరించడమని భ్రమపడరాదు. ఇక్కడ సంహారమంటే విడిపోయినదానిని ఒక్కచోటికి చేర్చి కట్టడం. యుద్ధం ముగిశాక భీముడు నెత్తుటి చేతులతో ఆమె జుట్టు ముడివేస్తాడు. ఆరంకాల నాటకానికి, పద్దెనిమిది అక్షౌహిణుల వినాశానికి కవి పెట్టిన పేరు ఒక స్త్రీ తల ముడి.

పుస్తకంలో ఉన్నది పుస్తకంలోనే ఉండిపోలేదు. చిత్తూరు ప్రాంతంలోను, దాని పొరుగున ఉత్తర తమిళనాడులోను ద్రౌపదమ్మ గుడుల దగ్గర, ధర్మరాజుల గుడుల దగ్గర ఏటా భారత ఉత్సవాలు జరుగుతాయి. పగలు భారత కథాకాలక్షేపం, రాత్రి వీధి నాటకం. ఆఖరు రోజున మైదానంలో మట్టితో దుర్యోధనుని బొమ్మను చేస్తారు. వెల్లకిలా పడుకోబెట్టిన ఆ బొమ్మ పది పన్నెండు మంది మనుషులంత పొడవు ఉంటుంది. భీముని వేషం వేసినవాడు దాని తొడ మీద గదతో కొడతాడు. ఆ తరువాత ద్రౌపదికి జుట్టు ముడివేస్తారు. నాటకం ఎక్కడ ఆగిందో, పూజ ఎక్కడ మొదలైందో చూసేవారికి తెలియదు. తెలుసుకోవలసిన అవసరం కూడా వారికి లేదు. అన్ని రోజులుగా విరబోసుకొని ఉన్న తల ఇవాళ ముడిపడింది. ఊరికి వాన పడుతుంది.

ముడవడం, విప్పడం ఇలా ఉండగా, కోయడం కథ వేరు. సిద్ధార్థుడు అర్ధరాత్రి ఇల్లు విడిచి అనోమా నదీతీరం చేరాక మొదట చేసిన పని, ఒక చేత్తో సిగ పట్టుకొని రెండవ చేత్తో ఖడ్గంతో కోసివేయడం. కోసిన సిగను తలపాగాతో సహా ఆకాశంలోకి విసరగా ఇంద్రుడు అందుకొని స్వర్గంలో చైత్యం కట్టించాడని బౌద్ధ గాథ. క్రీస్తుపూర్వం రెండవ శతాబ్ది నాటి భార్హుత్ స్తూప శిల్పాలలో ఒకటి, ఇప్పుడు కలకత్తా ఇండియన్ మ్యూజియంలో ఉన్నది, ఆ స్వర్గోత్సవాన్నే చూపిస్తుంది. దేవసభ మండపంలో పీఠం మీద భగవానుని శిరోభూషణం. దాని ఎదుట అప్సరసలు నాట్యం చేస్తున్నారు. శిల్పి పొరపాటుకు తావు లేకుండా పక్కనే అక్షరాలలో ఆ పండుగ పేరు చెక్కాడు. బుద్ధుని మనిషి రూపంలో చెక్కడం ఇంకా వాడుకలోకి రాని కాలమది. ఆయనకు ముందు ఆయన తలపాగా రాతిలోకి వచ్చింది, తెర మీద సత్యభామకు ముందు జడ వచ్చినట్లు. అమరావతి శిల్పులకు కూడా ఈ తలపాగా ఊరేగింపు ఇష్టమైన ఘట్టమే.

కోయగా మిగిలిన రెండంగుళాల జుట్టు కుడివైపుకు చుట్టలు తిరిగి, ఆపైన జన్మలో మళ్ళీ పెరగలేదని అదే గాథ అంటుంది. భిక్షువులందరివీ బోడితలలు కాగా వారి గురువు విగ్రహానికి మాత్రం తలనిండా ఉంగరాల జుట్టు ఉండడానికి సంప్రదాయం ఇచ్చిన సమర్థన ఇది. గాంధార శిల్పులు యవన పద్ధతిలో అలలు అలలుగా దువ్వి సిగ చుట్టారు; మథుర శిల్పి ఒకడు నత్తగుల్లలా ఒకే చుట్ట పెట్టాడు; చివరకు దేశమంతటా, దేశం దాటి చైనా జపానుల దాకా నిలిచినవి చిన్న చిన్న ఉంగరాలే. జుట్టు త్యజించిన మహాపురుషుని గుర్తు పట్టడానికి లోకానికి ఆయన జుట్టే ఆధారమైంది.

అయితే సిద్ధార్థుని విషయంలో కత్తి పట్టుకొన్నది ఆయనే. ఆ ఒక్క భేదం ఎంతటిదో తెలియాలంటే రాజకుమారుని విడిచి వితంతువుల వైపు చూడాలి. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించిన నాటికి, ఊహ తెలియని పిల్ల అయినా సరే, భర్త పోతే తల గొరిగించే ఆచారం ఎన్నో ఇళ్ళలో ఉన్నది. సన్న్యాసి తలా బోడితలే, వితంతువు తలా బోడితలే. చూపుకు తేడా లేదు. ఒకరు వదిలిపెట్టారు, మరొకరి దగ్గర లాక్కొన్నారు. దీపా మెహతా 2005లో తీసిన 'వాటర్' చిత్రం ఈ రెండింటి నడుమ ఉన్న దూరాన్ని కంటికి చూపించింది. 1938 నాటి కాశీలో ఒక వితంతు గృహం. ఏడెనిమిదేళ్ళ చుయియాకు మొదట్లోనే తల గొరుగుతారు. ఆ ఇంట్లో ఒక్క కల్యాణికి మాత్రం పొడుగాటి జుట్టు. దయతో ఉంచినది కాదు. రాత్రిపూట నది దాటించి ఆమెను పెద్దమనుషుల ఇళ్ళకు పంపడానికి ఉంచినది. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోబోతున్నదని తెలిసిన రోజున ఇంటి పెత్తందారు కత్తెర తెప్పిస్తుంది. ఉంచడమూ, కోయడమూ రెండూ ఇతరుల చేతిలోనే.

ఆ చిత్రం తీయబోవడమే పెద్ద గొడవ అయిన సంగతి పాఠకులలో చాలామందికి జ్ఞాపకం ఉండవచ్చును. 2000 సంవత్సరం ఆరంభంలో కాశీలో షూటింగు మొదలుపెట్టగానే ఆందోళనకారులు సెట్టింగులు ధ్వంసం చేశారు, పని ఆగిపోయింది. అప్పటికే షబానా ఆజ్మీ, నందితా దాస్ పాత్రల కోసం తలలు గొరిగించుకొన్నారు. చిత్రం మరికొన్నేళ్ళకు వేరే నటీనటులతో శ్రీలంకలో పూర్తయింది. పాత్ర దక్కకపోయినా ఆ ఇద్దరు నటీమణులు గుండ్లతోనే నలుగురిలో తిరిగారు. నటులు సవరం పెట్టుకోవడం మామూలు. ఉన్న జుట్టును తీసివేయడం దానికి తిరగబడిన వేషం. ఆ వేషం విప్పడానికి నెలలు పడుతుంది.

ఇంగ్లండులో ఒకసారి ఇదే పని సరదాకు జరిగింది. లార్డ్ పీటర్ అనే యువకుడు అరబెల్లా ఫెర్మర్ అనే యువతి ముంగురులలో ఒకదానిని ఆమె అనుమతి లేకుండా కత్తిరించాడు. రెండు కుటుంబాల మధ్య మాటలు లేకుండా పోయాయి. మధ్యవర్తి అయిన ఒక మిత్రుడు అందరినీ నవ్వించి రాజీ చేయవచ్చునన్న ఆశతో అలెగ్జాండర్ పోప్ చేత కావ్యం రాయించాడు. 'ది రేప్ ఆఫ్ ది లాక్' 1712లో రెండు సర్గలుగా, 1714లో ఐదు సర్గలుగా వెలువడినది. ఇంగ్లీషు సాహిత్యం చదువుకొన్న ప్రతి విద్యార్థికీ ఇది హాస్యమహాకావ్యంగా పరిచయం. చివరకు ఆ తెగిన ముంగురు ఎవరికీ దొరకక ఆకాశానికెక్కి నక్షత్రమవుతుంది. హాస్యం ఎంత చక్కగా పండినా, తరగతి గదిలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోతుంది: నవ్వవలసిన బాధ్యత జుట్టు పోయినవారిదా?

పోప్ కావ్యంలో జుట్టు నక్షత్రమైతే సత్యభామ జడలోకి నక్షత్రాలే దిగివచ్చాయి. పాపిటకు ఒక ప్రక్క సూర్యుడు, మరొక ప్రక్క చంద్రవంక. నడినెత్తి వెనుక రాగిడి. దాని దిగువన పడగ విప్పిన నాగరం. అది ఆదిశేషుడని చెబుతారు. అక్కడినుండి కిందికి వరుసగా సన్నబడుతూ జడబిళ్ళలు. వాటిని 27 నక్షత్రాలుగా లెక్కపెట్టేవారున్నారు. కొసన కుప్పెలు మూడు గుణాలని ఒకరంటే మరొకరు ఇంకొకటి అంటారు. అర్థాల మాట ఎలా ఉన్నా వస్తువు తయారీ మాత్రం నేల మీదిదే. రాత్రంతా గంతులు వేయవలసిన నటునికి బరువైన బంగారం పనికిరాదు. తేలికైన పొణికి కర్రతో బిళ్ళలు చెక్కి, పైన తగరం రేకులు, రంగు కాగితాలు అతికించేవారు. కాగడా వెలుగులో బంగారానికీ రేకుకూ భేదం తెలియదు.

ఈ జడ నాటకం వారు సృష్టించినది కాదు, తెలుగు ఇళ్ళనుండి అరువు తెచ్చుకొన్నది. పెళ్ళికూతురికి, సమర్తాడిన పిల్లకు పూలజడ వేసి ఫోటో తీయించే ఆచారం చాలా ఇళ్ళలో చూసినదే. పిల్లను అద్దం ముందు కొంచెం వాలుగా నిలబెడతారు. కెమెరాకు ముఖం కనబడాలి, అద్దంలో జడ కనబడాలి. స్టూడియోవారికి ఇది చెప్పి చేయించుకొనవలసిన పని కాదు. ముఖం ఎవరిదో తెలియడానికి. జడ ఆ పిల్ల ఎంత గారాబంగా పెరిగిందో తెలియడానికి. సత్యభామ కథలోనూ అద్దమే తగాదా పెడుతుంది. తనలో ఎవరు ఎక్కువ అందగత్తె, లేక అందగాడు, అన్న పోటీ కృష్ణునితో తెచ్చుకొని ఆమె విరహం పాలవుతుంది. రంగప్రవేశంలో సభకంతటికీ సవాలు విసిరిన ఆ జడే, తెల్లవారు జామున మాధవి చేత లేఖ పంపే వేళకు సీత వేణిలా నిస్త్రాణగా వీపున పడి ఉంటుంది. అహంకారానికీ విరహానికీ అదే జడ. మంచి నటుడు రెండింటికీ మెడ ఒంపులో తేడా చూపేవాడు.

సిద్ధేంద్రయోగి ఆ ఊరి బ్రాహ్మణ కుటుంబాల మగపిల్లల చేత, జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కడతామని మాట తీసుకొన్నాడని కూచిపూడి కథనం. ఆ మాటను ఎన్ని తరాలో నిలబెట్టాయి. అందరికంటె పేరు వచ్చినది వేదాంతం సత్యనారాయణ శర్మకు (1935–2012). ఆయన సత్యభామను చూసిన స్త్రీలు తమ నడకను తామే మళ్ళీ నేర్చుకోవలసివచ్చిందని చెప్పుకొనేవారు. 1970లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నాటకరంగం మీద అంతకు పూర్వమే స్థానం నరసింహారావు శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామగా ఆంధ్రదేశాన్ని ఊపివేశాడు. ఆయనకు పద్మశ్రీ 1956లో. ఈ మహానటుల విద్యకు వంక పెట్టడానికి లేదు. వారి సత్యభామ నిజంగా గొప్పది.

కాని అదే కాలంలో గోదావరి జిల్లాలలో కలవంతుల స్త్రీలు కూడా భామాకలాపం ఆడుతున్నారు. గుడి మండపాలలో, పెద్దల లోగిళ్ళలో, తరతరాలుగా. వారి సత్యభామ వేరొకరిని అనుకరించినది కాదు. పదాలకు అభినయం పట్టిన విదుషీమణులు ఆ కులంలో ఎందరో. వారి జడ వారి తల మీద పెరిగినది. భాగవతునికి జడ అరువుది, పరువు సొంతం. వేషం విప్పి సవరం పెట్టెలో పెట్టి తెల్లవారేసరికి ఆయన శర్మగారే, శాస్త్రిగారే. కలవంతులకు జడ సొంతం, పరువు మాత్రం ఊరి చేతిలో. దేవదాసీ విధానాన్ని మాన్పించే ఉద్యమం సాగి, 1947లో మద్రాసు రాష్ట్రంలో చట్టం వచ్చాక, పిల్లల అంకితం ఆగవలసినదే ఆగింది. దానితోబాటు వారి నాట్యమూ ఆగింది. ఆ చట్టం అవసరం కాదని చెప్పలేము. అయితే అదే దశాబ్దాలలో అదే సత్యభామ మరొక గడపనుండి బయలుదేరి శాస్త్రీయ నృత్యమన్న బిరుదుతో ఢిల్లీ వేదికలెక్కింది. తెర మీద జడ వేసినవారు ఓడలేదు. పందెంలో లేనివారు నష్టపోయారు.

ఆ తరువాత కూచిపూడిలోకి స్త్రీలు వచ్చారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి ఎందరో ఆడపిల్లలను తీర్చిదిద్దాడు. యామినీ కృష్ణమూర్తి (1940–2024) సత్యభామ ప్రవేశాన్ని దేశవిదేశాలలో ప్రదర్శించింది. ఇప్పుడు కూచిపూడి అంటే చాలామంది కళ్ళ ముందు మెదిలేది స్త్రీయే. పురుషుడు ఆ వేషం కడితే అది విశేషంగా చెప్పుకొనే సంగతి అయింది. ఆట కూడా కుదించుకొనిపోయింది. రాత్రంతా సాగిన కలాపంలో ప్రవేశ దరువు ఒక్కటే చాలా వేదికల మీద మిగిలింది. నర్తకి వీపు తిప్పి, జడను చేతిలోకి తీసుకొని, భుజం మీదుగా చూస్తుంది. ముందు వరుసలో కూర్చున్నవారిలో ఎవరికీ అది తమ మీద విసిరిన సవాలని తోచదు. ఫోటోలు తీసుకొంటారు.

సొంత జుట్టున్న నర్తకికి కూడా సత్యభామ జడ కొలతకు సొంత జుట్టు చాలదు. కిందనుండి సవరం కలపవలసిందే. సవరాలు ఎక్కడనుండి వస్తాయో పాతతరం ఇల్లాళ్ళకు తెలుసు. తల దువ్వుకొన్నప్పుడు రాలిన వెంట్రుకలను పారవేయక ఉండచుట్టి, పెరటి గోడ సందులోనో చూరులోనో దాచేవారు. కొన్నాళ్ళకు గంప నెత్తిన పెట్టుకొని, వెంట్రుకలు కొంటామని కేక వేసుకొంటూ ఒక మనిషి వీధిలోకి వచ్చేది. ఉండలను చేత్తో తూచి చూసి సూదులో, పిన్నీసులో, వెంట్రుకలు కాస్త ఎక్కువగా ఉంటే చిన్న గిన్నెనో ఇచ్చి పట్టుకుపోయేది. ఆ చిక్కులను ఓపికగా విడదీసి, కడిగి, పొడవుల వారీగా వేరుచేసి, మొదలు దారంతో బిగించి కట్టినదే సవరం. కొనుక్కున్నవారికి అందులో ఎందరి వెంట్రుకలున్నవో తెలియదు. అమ్ముకొన్నవారికి అది ఎవరి తల మీదికి చేరిందో తెలియదు. తెర పై అంచున వేలాడుతూ పండితసభను సవాలు చేసిన జడ చాలావరకు అదే.